నర్ది చెక్క మీద ‘రైట్’

ఆత్మకూరు,
ఆగస్టు 11.

కండక్టరు సుకుమారికి, ఒకప్పుడు నీ ముందు సీట్లో స్టీరింగు పట్టిన పెంచలనరసయ్య రాయడం ఏమనగా,

నేను బతికే ఉన్నాను. ఈ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. మన డిపో వాళ్ళు చావు కబురు మోసినంత హుషారుగా బతుకు కబురు మోయరు. నేను రిటైరయ్యాక మన వాళ్ళలో నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకడు బీమా పాలసీ కట్టించడానికి వచ్చాడు. రెండోవాడు ఇల్లు తప్పి వచ్చాడు.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి అంటావేమో. ఫోను చెప్పడానికేమీ లేనివాళ్ళ కోసం పుట్టింది. నాకు చెప్పడానికి ఉంది.

నా అంబాసిడర్ నీకు తెలిసిందే. దాని పాత ఇంజను ఈ వేసవిలో పోయింది. ఇక్కడి మెకానిక్ మునెయ్య వేరే బండిలోని డీజిల్ ఇంజను తెచ్చి ఇందులో దించాడు. బాగా కుదిరింది. కానీ కొత్త ఇంజను చెప్పేది పాత మీటర్లకు అర్థం కాదు. అందుకని కొత్తవి ఐదు కొన్నాను. స్పీడు, డీజిలు, చార్జింగు, ఆయిల్ ప్రెషరు, నీళ్ళ వేడి. తీరా బిగించబోతే ముందరి రేకు పలక తుప్పు పట్టి అప్పడంలా విరిగింది.

నెల్లూరులో కార్లకు సోకులు చేసే ఒక షాపుకు పోయాను. అక్కడి కుర్రాడు ప్లాస్టిక్ పలక చూపించి, చుట్టూ నీలం లైట్లు పెడతానన్నాడు. “అంకుల్, నైట్‌లో సూపర్‌గా ఉంటాది” అన్నాడు. నేను కారు నడుపుతాను గాని సారాకొట్టు నడపను అని చెప్పి వచ్చేశాను.

అప్పుడు మీ ఉదయగిరి చెక్క గరిటెలు గుర్తుకొచ్చాయి. నువ్వూ ఇప్పుడు ఆ పనిలో ఉన్నావని విన్నాను. నాకు ఒక పలక చేసి పంపు. కొలతకు గీత కాగితం పెడుతున్నాను. వచ్చే మే నెలలోపు కావాలి. సోమశిల డ్యాములో నీళ్ళు తగ్గగానే మీ వదినను అక్కడికి తీసుకుపోవాలి. ఎందుకో నీకు తెలుసు.

ఇంకొక మాట. ఇక్కడి సాహితీ మండలి కార్యదర్శి శ్రీకృష్ణ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. మూడేళ్ళ కిందట ఒక సభలో ప్రబంధాల మీద ఉపన్యాసం తప్పుల తడకగా సాగుతుంటే నేను లేచి ఒక మాట అడగబోయాను. “డ్రైవరు గారూ, కాస్త హోల్డాన్” అన్నాడు మైకులో, బస్సు ఆపినట్టు. సభ నవ్వింది. డిపో పక్కన లైబ్రరీలో నేను చదివినన్ని పుస్తకాల అట్టలు కూడా అతను చూసి ఉండడు. నవ్విన ప్రతి ముఖమూ నాకు గుర్తుంది. దీనికీ పలకకూ సంబంధం లేదు. రాయాలనిపించి రాశాను.

పెంచలనరసయ్య

*

ఉదయగిరి,
ఆగస్టు 21.

అన్నకు, వదినకు సుకుమారి వందనాలు. ప్రభువు కృప మీ ఇంటి మీద ఉండాలి.

పోస్టుమాన్ నీ ఉత్తరం ఇస్తుంటే శీనమ్మక్క పక్కనే ఉంది. మా వీధిలో అందరికీ గరిటెల పని నేర్పేది ఆమే. “ఈ కాలంలో ఉత్తరం ఏందే, కోర్టు నోటీసా?” అంది. “కాదక్కా, అంతకంటే గట్టిది. మా డ్రైవరు” అన్నా.

పలక సంగతి సరే, చేసి పంపుతా. కానీ నీకు మీటర్లు ఎందుకన్నా? మన బస్సులో ఒక్క ముల్లు కదిలేదా ఎప్పుడైనా? కొత్తగా వచ్చిన డ్రైవర్లు స్పీడు మీటరు పనిచెయ్యట్లేదని కంప్లైంటు రాస్తే నువ్వేమనేవాడివి? “మీటరు చూసి నడిపేవాడు డ్రైవరు కాడ్రా, గుమాస్తా. ఇంజను మాట్లాడతా ఉండాది, విను” అనేవాడివి. మర్రిపాడు దాటాక ఒకసారి బస్సు ఆపి, “ఎడమ వెనక చక్రం ఏదో గొణుగుతా ఉండాది” అని దిగావు. జనమంతా నవ్వారు. చూస్తే నట్లు వదులై ఉన్నాయి. అలాంటి మనిషి ఇప్పుడు ఐదు మీటర్లు కొన్నాడంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

ఇంకో అనుమానం. నీ ఉత్తరం చూసి ఫోను చేశా. వదిన తీసి “పెరట్లో ఉండాడు” అంది. సాయంత్రం చేస్తే “పడుకున్నాడు” అంది. తెల్లారి చేస్తే “నీళ్ళు పోసుకుంటా ఉండాడు” అంది. మళ్ళీ చేస్తే ఇంకా నీళ్ళు పోసుకుంటూనే ఉన్నావు. నాకు తెలిసిన పెంచలనరసయ్యన్న అంత శుభ్రమైన మనిషి కాడు.

సోమశిల నాకు గుర్తుంది. ఒక మే నెలలో నన్ను కూడా తీసుకుపోయావు. నీళ్ళు వెనక్కి పోయి, డ్యాములో మునిగిన వదిన పుట్టిన ఊరి గోడలు మోకాలెత్తున బయటపడి ఉన్నాయి. వదిన బురదలో నిలబడి “ఇది మా వంటిల్లు” అని చూపించింది. పొయ్యి ఉండాల్సిన చోట గుంటలో చిన్న చేప ఈదుతోంది. “మా అమ్మ వండిన చేపల పులుసు ఇప్పుడు తిరిగొచ్చింది” అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

అందుకని పలక చేస్తా. కానీ ముందు నిజం చెప్పు.

సుకుమారి

*

ఆత్మకూరు,
సెప్టెంబరు 4.

సుకుమారికి,

టిక్కెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టుకునేదానివి. ఇన్నాళ్ళకు నన్నూ పట్టుకున్నావు.

నా చెవులు పోయాయి. కుడి చెవి పూర్తిగా. ఎడమ చెవిలో నోరు పెట్టి అరిస్తే కొంత. నెల్లూరు డాక్టరు “ఇన్నాళ్ళు ఇంజను పక్కన కూర్చుంటే అంతే పెద్దాయనా” అన్నాడట, మీ వదిన అరిచి చెప్పింది. చెవిలో పెట్టుకునే మిషను కూడా కొన్నాను. దాంట్లో మీ వదిన మాట, కాకి అరుపు, కుక్కరు ఈల మూడూ ఒకే గొంతుతో వస్తాయి. తీసి డబ్బాలో పెట్టాను.

మొన్న మే నెలలో సోమశిల పోతున్నాం. గొట్టం పగిలి ఇంజనులో నీళ్ళన్నీ పోయాయి. బుసకొట్టి ఉంటుంది, కొట్టుకుని ఉంటుంది. నాకేమీ తెలియలేదు. నేను ఏదో పద్యం చెబుతూ పోతున్నాను. మీ వదిన అరిచిందట. అదీ తెలియలేదు. చివరికి ఆమె నా చొక్కా పట్టి లాగింది. అప్పుడు చూస్తే బానెట్టు మీద పొగ. బండి కట్ట చివరికంటా పోయి ఆగింది. కింద నీళ్ళు.

ఆమె దిగి, నా ఎదురుగా నిలబడి, నేను పెదవులు చదివేటట్టు నిదానంగా చెప్పింది. “ఇంక నీ బండి ఎక్కను. నా ఊరు మునిగింది చాలు. నువ్వు కూడా మునిగితే చూసేదానికి నేను రాను.”

ఆమె తమ్ముడు కోటేశ్వర్ ఉన్నాడు కదా. “అక్కా, వచ్చే ఏడు నా కార్లో పోదాం, ఏసీ ఉండాది” అంటున్నాడు. అద్దాలు బిగించుకుని, చల్లగా కూర్చుని, మునిగిన ఊరిని చూసి రావడం! సినిమాకు పోవచ్చు దానికంటే. ఏనాడూ ఆ ఊరికి ఆమెను ఇంకొకరి బండిలో పంపలేదు నేను. పెళ్ళిలో మామగారికి నేనిచ్చిన మాట అదొక్కటే. ఆమె ఎప్పుడు ఊరికి పోవాలన్నా నేనే తీసుకుపోతానని. ఊరు మునిగితే మాట కూడా మునుగుతుందని అప్పుడు అనుకోలేదు కదా.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఇంజను సంగతి చెవులు లేకుండా నాకు తెలుస్తుందని రుజువు చేస్తే మే నెలలో నా బండి ఎక్కుతుంది. లేకపోతే కోటేశ్వర్ బండి. కళ్ళు బాగానే ఉన్నాయి. ఇన్నాళ్ళు విన్నది ఇక చదవాలి. చదవడం నాకు కొత్త కాదు.

జాలి అక్కర్లేదు. పలక కావాలి.

పెంచలనరసయ్య

*

ఉదయగిరి,
అక్టోబరు 2.

అన్నకు,

వెంటనే జవాబు రాయలేదు. జాలి అక్కర్లేదన్నావు కాబట్టి, ముందు ఆ పడేదేదో ఇక్కడే పడి ముగించి, ఆ తర్వాత కాగితం తీసుకున్నా.

మేం గరిటెలకు వాడే నర్ది చెక్క దొరికింది. గరిటెకైతే జానెడు చాలు, నీ పలకకు మూరెడు పైన కావాలి. అంత వెడల్పు ముక్క లేక రెండు ముక్కలు అతికించాల్సి వచ్చింది. ఐదు బొక్కలు గీసిన చెక్కను శీనమ్మక్క చూసింది.

“ఏందే ఇది, ఇడ్లీ రేకా?”

“కాదక్కా. కారు ముఖం.”

“కారుకు ముఖం బయట గదా ఉంటాది?”

“ఇది లోపలి ముఖం. నడిపేవాడికి మాత్రం కనబడేది.”

ఆమె “మొగోళ్ళందరికీ రెండు ముఖాలు ఉంటాయి, కార్లకు కూడానా” అని పోయింది.

పలక చెక్కుతుంటే మన బస్సే గుర్తొస్తోంది. గంట తాడు తెగిన ఏడాది గుర్తుందా? కొత్త తాడు రావడానికి ఎన్ని నెలలు పట్టిందో! రేకు మీద అరచేత్తో ఒక దెబ్బ కొడితే హోల్డాన్, ఆగు; రెండు కొడితే రైట్, పోనీ. సంత రోజున మేకలు, కోళ్ళ గంపలు, చంటిబిడ్డలు, నా గొంతు నాకే వినబడేది కాదు. కానీ నేను కొట్టిన దెబ్బ నీకు ఒక్కసారి కూడా తప్పలేదు. “ఇంత గోలలో ఎట్ట వినబడతాదన్నా?” అని అడిగా ఒకరోజు. “వినబడదు. వీపుకు తగులుతాది” అన్నావు. నేను నీ గొప్పలనుకున్నా. ఇప్పుడు ఆ మాట నిజమై ఉండాలని కోరుకుంటున్నా.

నీ గీత కాగితం మీద నీళ్ళ వేడి మీటరు బొక్క పక్కన ‘రైట్’ అని రాశావు. చెక్కడానికి తీసి చూడగానే నవ్వొచ్చింది. నవ్వి నవ్వి, ఆ తర్వాత ఆ మాట మీద వేలు పెట్టి మళ్ళీ చదివా. నాకు అర్థమైందిలే అన్నా. అట్లే చేస్తా.

పని జరుగుతోంది. ఎలా జరుగుతోందని మాత్రం అడగొద్దు.

సుకుమారి

*

ఆత్మకూరు,
జనవరి 24.

సుకుమారికి,

నువ్వు ఉదయగిరి బస్సులో పంపిన పలక అందింది.

గీత కాగితంలో నీళ్ళ వేడి మీటరు కుడి కొసన ఉంది. బిగించేటప్పుడు ఏ కొస కుడివైపుకు రావాలో తికమక పడకూడదని, కుడి కొసన ‘రైట్’ అని రాశాను. రైట్ అంటే కుడి! నువ్వు ఆ మాటను తీసుకుని ఆ మీటరు పక్కన, వేలెడంత అక్షరాలతో, అటొక చేప ఇటొక చేప వేసి చెక్కి పంపావు. మునెయ్య దాన్ని చూసి షెడ్డులో నేల మీద కూలబడి నవ్వాడు. “సార్, బండే రైట్ అంటా ఉండాది, పోనిద్దామా?” అని నా ఎడమ చెవిలో అరిచాడు. ఆ అరుపు వీధంతా విన్నది.

వీధిలో శ్రీకృష్ణ ఉండటం నా ఖర్మ. లోపలికి వచ్చి, పలక చూసి, జేబులోంచి కలం తీసి కాగితం మీద రాసి చూపించాడు. “తమరు తెలుగులో ‘కుడి’ అని రాసి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదు.” అతను న్యాయంగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. అందుకే ఇంకా మండింది.

అంతటితో పోలేదు. బిగించిన వారానికే ఇంజను సెగకు అతుకు దగ్గర చెక్క చీలింది. కోటేశ్వర్ వచ్చి ఆ చీలికలో గోరు పెట్టి చూసి, మీ వదిన వైపు తిరిగి నవ్వాడు.

ఇదేమన్నా గరిటె అనుకున్నావా, చేప బొమ్మ వేసి అంగట్లో పెట్టడానికి? మే నెల ఎంతో దూరం లేదు. ఒక మనిషి ఇంతగా చెప్పుకుని అడిగితే ఇలాగేనా చేసేది? పని రాకపోతే రాదని చెప్పాలి. మీ ఊళ్ళో ఇంతకంటే చెయ్యి తిరిగినవాళ్ళు లేరా?

పెంచలనరసయ్య

*

ఉదయగిరి,
ఫిబ్రవరి 1.

పెంచలనరసయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. పని రాకపోతే రాదని చెప్పాలన్నారు. చెబుతున్నాను. నాకు పని రాదు.

రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోక శీనమ్మక్క దగ్గర చేరాను. నేను చేసిన గరిటె ఒక్కటీ అమ్మకానికి పోలేదు. “ఇది పప్పు కలిపేదానికా, చెవిలో గులిమి తీసేదానికా?” అని ఆమె పక్కన పడేస్తుంది. మీకు ఎవరో నేను ఆ పనిలో ఉన్నానని చెప్పారు. ఎంత బాగా ఉన్నానో చెప్పలేదు.

మీరు మొదటి ఉత్తరంలో ‘చేసి పంపు’ అని రాశారు. ‘చేయించి పంపు’ అనలేదు. నన్ను ఒక వస్తువు చెయ్యమని అడిగిన మనిషి మీరొక్కరే. అందుకని చేయించలేదు, చేశాను. అతుకు నాదే. చీలికా నాదే.

‘రైట్’ అంటే కుడి అని నాకు తట్టలేదు. ఆ మాట మీతో నేను ఇంకో అర్థంలో ఎన్నడూ అనలేదు. చెవులు పోయాయని రాశాక, ఆ మాట వినలేక, చూసుకోవడానికి అడిగారనుకున్నాను.

పలక తిప్పి పంపండి. పొయ్యిలోకి పనికొస్తుంది. మే లోపల శీనమ్మక్క చేత కొత్తది చేయిస్తాను. అది చీలదు.

సుకుమారి

*

ఆత్మకూరు,
ఫిబ్రవరి 26.

సుకుమారికి,

పలక తిప్పి పంపను.

నీ ఉత్తరం మీ వదిన కూడా చదివింది. చదివి నాకేమీ చెప్పలేదు. ఆమె ఏమీ చెప్పనప్పుడు నాకు బాగా వినబడుతుంది. షెడ్డుకు పోయి, చీలిక మీద ఇత్తడి పట్టీ వేయమని మునెయ్యతో చెప్పాను. ‘రైట్’ అన్న మాట చెరిపేయమంటావా అని సైగ చేశాడు. వద్దన్నాను.

మొన్న సోమవారం పరీక్ష పెట్టింది మీ వదిన. ఒక్కణ్ణే కలిగిరి పోయి తిరిగి రావాలి. వస్తే ఆలోచిస్తుందట. కోటేశ్వర్ వాకిట్లో నిలబడి చేతులు ఊపాడు, ఇక నన్ను చూడడన్నట్టు.

సుకుమారీ, చెవులు లేకుండా బండి నడపడం ఎలా ఉంటుందో చెప్పనా? బండి లోపల ఎవరో చనిపోయినట్టు ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో నాకు భయం వేసింది. ఈ మాట మీ వదినకు చెప్పలేదు. అప్పుడు పలక వైపు చూశాను. నీళ్ళ వేడి ముల్లు అడుగునుంచి లేచి, సరిగ్గా నీ అక్షరాల పక్కకు వచ్చి ఆగింది. రైట్. ఎన్ని మలుపులు తిరిగినా అక్కడే ఉంది. రైట్. మీటరు మీది అంకెలు నేను చూడలేదు. ఆ మాటే చూశాను. వెనక ఎవరో ఉన్నట్టు అనిపించింది.

కలిగిరి దగ్గర పడుతుండగా ముల్లు ఆ మాటను వదిలి పైకి పోయింది. ఆపాను. దిగి చూస్తే ఫ్యాను బెల్టు తెగి ఉంది. ఇంజనుకు ఏమీ కాలేదు. ఇంకొంచెం పోయి ఉంటే రెండో ఇంజను కూడా పోయేది, దాంతో సోమశిల కూడా.

ఇక ఆ మధ్యాహ్నం ఎండలో నా కోసం ఆగిన స్కూటరు ఎవరిదనుకున్నావు? జలదంకిలో ఏదో సన్మానానికి పోతున్న శ్రీకృష్ణది! నన్ను వెనక ఎక్కించుకుని కలిగిరి తీసుకుపోయాడు. బెల్టు కొనిచ్చి, మళ్ళీ బండి దగ్గర దింపాడు. బెల్టు మార్చేదాకా నెత్తిన తువ్వాలు కప్పుకుని, సన్మానానికి ఆలస్యమవుతున్నా, పక్కనే నిలబడ్డాడు. అవమానించినవాణ్ణి గుర్తుపెట్టుకోవడం సులువు. సాయం చేసినవాణ్ణి ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ సరిగా లేదు. వందనం చెప్పాను. నా చెయ్యి దానంతట అది లేచింది, నేను లేపలేదు. అతను తిరిగి దండం పెట్టి, పలక మీది మాట చూపించి, నోరు బాగా తెరిచి అన్నాడు. “ఇదే సరైన ప్రయోగం.”

నాతో జీవితమంతా హోల్డాన్ అన్నవాళ్ళే. చదువుకుంటానంటే మా నాయన హోల్డాన్. పత్రికకు వ్యాసం పంపితే సంపాదకుడు హోల్డాన్. డిపోలో ప్రమోషనుకు హోల్డాన్. సభలో హోల్డాన్. రోజూ పొద్దున్నే నా వీపు వెనకనుంచి రైట్ అన్న గొంతు ఒక్కటే. అది నీది. నువ్వు కూడా హోల్డాన్ అనేదానివి, కానీ ఎవరి కాలో ఇంకా మెట్టు మీద ఉన్నప్పుడే. నిన్ను ‘పని రాదు’ అన్నాను. ఆ మాట ఆ కాగితం మీద ఎలా పడిందో నాకు తెలియదు. దాన్ని నువ్వే నీ పొయ్యిలో పెట్టు.

ఇప్పుడు నాకు ఇంకొక ముక్క కావాలి. అదే మీటరుకు పైన, ముల్లు పోకూడని చోట పెట్టడానికి. దాని మీద ‘హోల్డాన్’ అని ఉండాలి. రైట్ ఒక్కటే చెప్పే కండక్టరును నమ్ముకుంటే డ్రైవరు గుంటలో పడతాడు. రెండూ నీ చేతివే కావాలి. శీనమ్మ చేత చేయించవద్దు. చేప బొమ్మలు మరిచిపోవద్దు.

పెంచలనరసయ్య

*

ఉదయగిరి,
మార్చి 30.

అన్నకు, వదినకు,

హోల్డాన్ పంపుతున్నా. అతుకు లేదు, ఒకే ముక్క. కొబ్బరి నూనె పట్టించి వారం ఎండనిచ్చా. చేప ఒకటే పట్టింది, రెండోదానికి చోటు చాల్లేదు. ఆ ఒక్కటీ కూడా వెనక్కి తిరిగి ఉంది. హోల్డాన్ అన్నాక చేపైనా ఆగాలి కదా.

శీనమ్మక్క దీన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. “దీంతో పప్పు కలపలేం” అంది. ఆ తర్వాత “కానీ పనితనం ఉండాది” అంది. అన్నా, నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు చివర పూలదండ వేసిన రోజు కూడా ఇంత సంతోషం లేదు.

నువ్వు రాసిన మాట పొయ్యిలో పెట్టా. బాగా మండింది. ఎండు మాట కదా.

అమ్మకానికి ఇప్పుడు నేను కూడా ఒక రకం చేస్తున్నా. గరిటె కాడ మీద ‘రైట్’ అని చెక్కుతున్నా. ఇద్దరు కొన్నారు. వంటకు రైట్ అని వాళ్ళనుకుంటున్నారు. అనుకోనీ.

వదినతో ఫోనులో చాలాసేపు మాట్లాడా. ఏం మాట్లాడానో నీకు చెప్పను. సోమశిల నీళ్ళు ఈసారి తొందరగా తగ్గుతున్నాయట. పోయొచ్చి రాయి.

సుకుమారి

*

ఆత్మకూరు,
మే 19.

చెల్లెలు సుకుమారికి,

పోయొచ్చాం.

పొద్దున్నే కోటేశ్వర్ తన కారు తుడిచి వాకిట్లో పెట్టాడు. మీ వదిన బయటికి వచ్చి, దాని పక్కనుంచి నడిచి, నా బండి వెనక తలుపు తీసి కూర్చుంది. ముందు సీటు ఖాళీగా ఉంటే వెనకెందుకని అడిగాను. నవ్వి తల అడ్డంగా ఊపింది, అంతే. కోటేశ్వర్ ముఖం చూడాలని ఉన్నా నేను చూడలేదు. ఈ ఏడాది నాకు కొన్ని బాకీలు వదిలేసే అలవాటు అవుతోంది. ఆరోగ్యానికి మంచిది కాదేమో.

ఊరు ఎప్పుడూ లేనంతగా బయటపడింది. మీ వదిన వాళ్ళ ఇంటి మెట్లు, పక్కింటి పశువుల గాటికట్టు, వీధి చివర రోలు కనిపించాయి. చెప్పులు విప్పి తన వీధిలో నడిచింది. ఒక గోడ దగ్గర ఆగి ఏదో చెప్పింది. ఎండ కళ్ళలో పడి పెదవులు చదవలేకపోయాను. మళ్ళీ చెప్పమని అడగలేదు. అది నాతో చెప్పింది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు కట్ట ఎక్కుతుంటే ముల్లు రైట్ వదిలి మెల్లగా పైకి పాకింది. నీ చేప వెనక్కి తిరిగి నా వైపే చూస్తోంది. ఆపాను. మీ వదినకు నేనేమీ చెప్పకముందే ఆమె పలక చూసి దిగింది. బండి చల్లబడేదాకా ఇద్దరం గట్టున కూర్చున్నాం. ఆ తర్వాత ఆమె సీసా తీసుకుని కిందికి పోయి, తన ఊరి మీది నీళ్ళు ముంచుకుని వచ్చింది. మెల్లగా రేడియేటరులో పోశాను. “ఊరు మునిగినాక మా ఇంట్లో నీకు గుక్కెడు నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేరు, నీ బండైనా తాగింది” అంది. ఆ మాట మాత్రం చక్కగా చదవగలిగాను.

నేను ఎవరికీ కృతజ్ఞతలు చెప్పనని ఈ ఊళ్ళో నాకు పేరుంది. కష్టపడి సంపాదించుకున్న పేరు. దాన్ని పాడుచేసింది నువ్వు. మునెయ్యకు చెప్పాను. బెల్టు కొనిచ్చినవాడికి కూడా చెప్పాను, వచ్చే నెల సభలో నన్ను మాట్లాడమన్నాడు, ఒప్పుకున్నాను. నీకు మాత్రం ఎలా చెప్పాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంజను తిప్పాను. ముల్లు దిగి నీ అక్షరాల పక్కన నిలబడింది. గేరు వేసి, అద్దంలో చూశాను. మీ వదిన తలుపు వేసుకుని, కొంగు సర్దుకుని, చెయ్యి పైకెత్తింది. ఫోనులో నువ్వు ఆమెకు నేర్పిన సంగతి ఏమిటో అప్పుడు తెలిసింది.

బండి పైరేకు మీద రెండు దెబ్బలు కొట్టింది.

వినబడలేదు. వీపుకు తగిలింది.

పెంచలనరసయ్య